ఆపే ముందు అది ఎవరిదో చూడండి
(డేటా సెంటర్‌లో కొత్తగా చేరిన అధికారుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం పేరు కాస్త పొడుగ్గా ఉంది: "పవర్‌షెల్ ద్వారా ఎస్‌క్యూఎల్ సర్వర్ నిఘా సెషన్లను నిలిపివేయడం". నోటీసు బోర్డులో ఇది చదివి ఒక మిత్రుడు, "ఆపడానికి గంట ప్రసంగం ఎందుకండీ, ఒక్క లైనేగా?" అన్నాడు. నిజమే, ఒక్క లైనే. ఆ ఒక్క లైనుతో ఒక రాత్రి నేను చేసిన పని గురించి ముందు చెబుతాను. ఆ లైను ఎలా రాయాలో తర్వాత చూద్దాం.

మీలో చాలామంది శాఖల నుంచి వచ్చారు. నేనూ అలా వచ్చినవాణ్ణే. చదివింది ఎంబీఏ. క్రెడిట్‌లో కొన్నేళ్లు చేశాక ఇటు వేశారు. కాబట్టి మొదటినుంచే మొదలుపెడతాను, కంప్యూటర్ సైన్సు చదివినవాళ్లు ఓపిక పట్టాలి.

కోర్ బ్యాంకింగ్ సంగతి వేరు, దాని జోలికి నేను వెళ్లను. దాని చుట్టూ చిన్నాపెద్దా అప్లికేషన్లు చాలా ఉంటాయి: సరిపోల్చే వ్యవస్థలు, వసూళ్ల ఫైళ్లు నడిపేవి, ఫిర్యాదులవి. వాటిలో చాలావాటి వెనక ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉంటుంది. ఏదైనా మెల్లగా నడుస్తున్నా, తప్పుడు లెక్క వస్తున్నా సర్వర్ లోపల ఏం జరుగుతోందో చూడాలి. ఒకప్పుడు దానికి ప్రొఫైలర్ అనే కిటికీ తెరిచి కూర్చునేవాళ్లు. అది రద్దీ సర్వర్ మీద పెడితే చూసే పనే ఒక భారమయ్యేది. 2008 వెర్షన్‌తో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెండెడ్ ఈవెంట్స్ అనే తేలికైన పద్ధతి తెచ్చింది. 2012 వెర్షన్‌లో దానికి చక్కటి తెర కూడా వచ్చింది, పాత ట్రేస్ పద్ధతిని ఇక మానుకోండని కూడా అప్పుడే చెప్పేశారు.

ఇందులో నిఘా అంతా 'సెషన్' రూపంలో ఉంటుంది. ఏ సంఘటన జరిగితే రాయాలి, దానితోపాటు ఏ వివరాలు రాయాలి, ఎవరివి వదిలేయాలి, రాసింది ఎక్కడ పెట్టాలి. ఈ నాలుగూ కలిపితే ఒక సెషన్. చివరిది, అంటే ఎక్కడ పెట్టాలన్నది, ఈరోజు మనకు ముఖ్యం. సాధారణంగా రెండు చోట్లలో ఒకటి వాడతారు. ఒకటి డిస్కు మీద ఫైలు. రెండోది సర్వర్ మెమరీలో ఉండే రింగ్ బఫర్. ఫైలు రిజిస్టరు లాంటిది, రింగ్ బఫర్ పలక లాంటిది. పలక నిండితే పాతది చెరిపి కొత్తది రాస్తుంది. సెషన్ ఆపితే రిజిస్టరు బీరువాలో మిగులుతుంది. పలక మాత్రం మిగలదు, దాని మీద రాసిందంతా పోతుంది.

ఈ మాట మీకు రెండు నిమిషాల్లో చెప్పేశాను. నాకు తెలియడానికి రెండు నెలలు పట్టింది.

కొన్నేళ్ల క్రితం సంగతి. రుణ వాయిదాలను ఖాతాల నుంచి వసూలు చేసే ఫైళ్లు నడిపే ఒక అప్లికేషన్ ఉండేది. ఒక నెల 5వ తేదీ రాత్రి ఒకే ఫైలు రెండుసార్లు నడిచింది. తెల్లారేసరికి కొందరు ఖాతాదారులకు వాయిదా రెండుసార్లు కోత పడింది. జీతం పడిన రెండు మూడు రోజులకే ఖాతా ఖాళీ అయితే ఏమవుతుందో శాఖల్లో కౌంటర్ల దగ్గర కూర్చున్న మీకు నేను చెప్పనక్కర్లేదు. డబ్బు వెంటనే తిరిగి వేశారు. కానీ ఎవరు నడిపారన్న ప్రశ్న మిగిలింది. అప్లికేషన్ లాగులో 'ఫైలు నడిచింది' అని రెండుసార్లు ఉంది, నడిపింది ఎవరో లేదు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది ఒక కుర్రాడు. బటన్ రెండుసార్లు నొక్కి ఉంటాడని అప్లికేషన్ సరఫరా చేసినవాళ్లు తేల్చేశారు. అతనికి మెమో వెళ్లింది, సంజాయిషీ అడిగారు.

మా జట్టులో ఒక మేడం ఉండేవారు. అప్లికేషన్ మీద ఆవిడకు ముందునుంచీ అనుమానం. అందుకని ఆ ఫైలు నడిపే ప్రొసీజర్‌ను ఎప్పుడు ఎవరు పిలిచినా రాసేలా ఒక చిన్న సెషన్ పెట్టి ఉంచారు. పిలిచిన సమయం, లాగిన్ ఐడీ, యంత్రం పేరు, అంతే. చాలా సన్నని వడపోత. రోజుకు నాలుగైదు నమోదులకు మించవు. అలాంటి చిన్న పనికి ఫైలు ఎందుకని రింగ్ బఫర్‌లో పెట్టారు. 5వ తేదీ రాత్రి సంగతి అందులో ఉంది. ఆ వారం ఆవిడ తమ్ముడి పెళ్లికి ఊరెళ్లారు, వచ్చాక తీసి ఇద్దామనుకున్నారు. నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

9వ తేదీ రాత్రి ఒంటిగంట దాటాక నాకు ఫోన్ వచ్చింది. అదే సర్వర్ మెల్లబడింది, డిస్కు నిండిపోతోంది. చూస్తే అంతకుముందు ఎప్పుడో నెమ్మదితనం పరిశీలించడానికి వచ్చిన బయటి ఇంజనీరు ఒకాయన ఒక సెషన్ పెట్టి, ఆపడం మరిచి వెళ్లిపోయాడు. ప్రతి క్వెరీకీ అది నడిచిన ప్లాన్ మొత్తం రాసే సెషన్ అది. ఆ సంఘటన సర్వర్ మీద బాగా భారం వేస్తుందని, కొద్దిసేపే వాడమని మైక్రోసాఫ్టే హెచ్చరిస్తుంది. పైగా ఫైళ్ల సంఖ్యకు ఉండే హద్దును ఆయన బాగా పెంచేశాడు. మామూలుగా వదిలేస్తే ఒక్కో ఫైలు 1 జీబీ చొప్పున 5 ఫైళ్ల దగ్గర ఆగేది.

నేను అప్పటికి పవర్‌షెల్ నేర్చుకుని ఆరు నెలలు. కొత్త కత్తి చేతికొచ్చిన వంటవాడి ఉత్సాహం. ఏ సెషన్ దోషో వెతికే ఓపిక లేదు. 'అన్ని సెషన్లూ' అనే స్విచ్ పెట్టి ఒక్క లైను కొట్టాను. అన్నీ ఆగాయి. సర్వర్ తేలికపడింది. నేను వెళ్లి పడుకున్నాను.

సోమవారం మేడం వచ్చారు. పది గంటలకు నా సీటు దగ్గరికి వచ్చి, "సార్, నా రింగ్ బఫర్ ఖాళీగా ఉందేంటి?" అన్నారు. నాకు ముందు ప్రశ్నే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏం చెప్పాలో తెలియలేదు.

ఆ కుర్రాడు సంజాయిషీ రాసిచ్చాడు. మా దగ్గర దాన్ని బలపరిచే కాగితం ఒక్కటీ లేదు. జరిగింది జరిగినట్టు నేను పై అధికారులకు రాసిచ్చాను. కానీ 'సాక్ష్యం ఉండేది, నేను పోగొట్టాను' అన్న ఉత్తరం అతనికి ఎంతవరకు పనికొస్తుంది?

సరే, ఇక లైను దగ్గరికి వద్దాం. తెర మీద ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి, నేను పలికినట్టు చెబుతాను. పవర్‌షెల్ మీకు తెలుసు. 2006లో విండోస్ కోసం వచ్చింది, 2016లో దాన్ని ఓపెన్ సోర్స్ చేసి లినక్స్‌కూ ఇచ్చారు. దాని మీద డీబీఏటూల్స్ అనే ఉచిత మాడ్యూల్ ఉంది. క్రిస్సీ లెమైర్ అనే ఆవిడ సర్వర్ల మార్పిడి కోసం రాసుకున్న స్క్రిప్టుతో మొదలై, ఎందరో చేతులు వేయగా వందల కమాండ్ల మూటగా పెరిగింది. (ఉచితం కదా అని మీ యంత్రంలో మీరే దించుకోకండి. భద్రతా విభాగం అనుమతించిన వెర్షన్ ఏదో దాన్నే వాడాలి.) ఇది లేకపోయినా పని జరుగుతుంది. 'ఆల్టర్ ఈవెంట్ సెషన్' అంటూ స్థితిని 'స్టాప్' చేసే ఎస్‌క్యూఎల్ వాక్యాన్నే పవర్‌షెల్ నుంచి పంపవచ్చు. ఇరవై ముప్పై సర్వర్లు ఉన్నచోట మాడ్యూల్ సుఖం.

మొదటి కమాండ్ ఆపేది కాదు. 'గెట్-డీబీఏఎక్స్‌ఈసెషన్'. సర్వర్ పేరు ఇస్తే దాని మీద ఉన్న సెషన్లన్నీ వరుసగా చూపిస్తుంది: పేరు, నడుస్తోందా లేదా, ఎప్పుడు మొదలైంది, రాసింది ఎక్కడికి వెళ్తోంది. ఆ చివరి గడి చదవండి. అక్కడ ఫైలు అని ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. రింగ్ బఫర్ అని ఉంటే చెయ్యి వెనక్కి తీసుకోండి. ముందు అందులో ఉన్నది బయటికి రాసుకోవాలి. నడుస్తున్న సెషన్ల టార్గెట్లు చూపే డైనమిక్ వ్యూ ఒకటి ఉంది, దాన్నుంచి ఎక్స్‌ఎంఎల్ రూపంలో తీసి ఫైలులో భద్రం చేసుకోవచ్చు. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలే నేను ఆ రాత్రి పెట్టలేదు.

మీకు మూడు పేర్లు ఎప్పుడూ కనిపిస్తాయి. సిస్టమ్ హెల్త్, ఆల్వేస్ఆన్ హెల్త్, టెలిమెట్రీ. ఇవి సర్వర్‌తోపాటే వచ్చినవి. సిస్టమ్ హెల్త్ డెడ్‌లాకులనూ తీవ్రమైన ఎర్రర్లనూ చాలాసేపు పట్టిన లాకులనూ ఎవరూ అడక్కుండానే రాసిపెడుతుంది. అది ఇంటి పెద్ద లాంటిది, దాన్ని ఆపకండి. డీబీఏటూల్స్ రాసినవాళ్లకూ ఈ సంగతి తెలుసు. 'ఆల్‌సెషన్స్' అన్నా కూడా ఈ మూడింటినీ ముట్టుకోదు. ఆ జాగ్రత్త సర్వర్‌తో వచ్చిన సెషన్లకే. మేడం పెట్టిన సెషన్ ఎవరి ముఖ్యమో దానికెలా తెలుస్తుంది?

ఆపే కమాండ్ 'స్టాప్-డీబీఏఎక్స్‌ఈసెషన్'. సర్వర్ పేరు, సెషన్ పేరు ఇవ్వాలి. పేరు ఇచ్చే అలవాటే చేసుకోండి. 'ఆల్‌సెషన్స్' స్విచ్ పరీక్షా సర్వర్‌కు వదిలేయండి. పేరు ఇచ్చాక లైను చివర 'వాట్‌ఇఫ్' అని చేర్చి కొట్టండి. అప్పుడు ఏదీ ఆగదు. 'ఈ సర్వర్‌లో ఈ సెషన్‌ను ఆపబోతున్నాను' అని చెప్పి ఊరుకుంటుంది. దాన్ని చదివి, పక్కవాళ్ల చేత కూడా చదివించి, అప్పుడు 'వాట్‌ఇఫ్' తీసేసి మళ్లీ కొట్టండి. మనకిది కొత్త కాదు. వోచరు ఒకరు రాస్తే ఇంకొకరు చూడకుండా శాఖలో పైసా కదలదు. సర్వర్ గదిలోకి రాగానే ఆ అలవాటు ఎందుకు వదిలేస్తామో నాకు అర్థం కాదు.

ఆపాక మళ్లీ 'గెట్' కొట్టి నిజంగా ఆగిందో లేదో చూడండి. ఇక్కడ రెండు చిక్కులున్నాయి.

మొదటిది, ఆపితే డిస్కు ఖాళీ కాదు. రాసిన ఫైళ్లు అలాగే ఉంటాయి, కొత్తవి రాయడం ఆగుతుంది, అంతే. ఆ రాత్రి నేను అన్నీ ఆపినా డిస్కులో ఒక్క ఎంబీ కూడా తిరిగి రాలేదు. అంటే నేను చేసిన విధ్వంసం డిస్కు సమస్యకు ఏమాత్రం పనికిరాలేదు. ఆ ఫైళ్లను మర్నాడు వేరే చోటికి తరలించాక కానీ జాగా దొరకలేదు.

రెండోది ఇంకా తమాషా. ఆపిన సెషన్ తనంతట తానే లేస్తుంది. సెషన్ పెట్టేటప్పుడు 'స్టార్టప్ స్టేట్' ఆన్ అని ఇస్తే, సర్వర్ ఎప్పుడు రీస్టార్ట్ అయినా అది మళ్లీ మొదలవుతుంది. ఆ బయటి ఇంజనీరు సెషన్ అలాంటిదే. ఆదివారం ప్యాచింగ్ చేసి సర్వర్ లేపితే, సోమవారం మేడం ఖాళీ పలక చూస్తున్న సమయానికే ఇది మళ్లీ డిస్కు నింపడం మొదలుపెట్టింది. మేడం సెషన్‌కు ఆ అమరిక లేదు, కాబట్టి అది లేవలేదు. ఉండాల్సింది పోయింది, పోవాల్సింది ఉంది. అందుకని శాశ్వతంగా ఆపాల్సినవాటికి స్టార్టప్ స్టేట్ కూడా ఆఫ్ చేయండి.

మరి ఆపడం ఎందుకు, తీసేస్తే పోదా అని అడుగుతారు. వద్దు. ఆపడం వేరు, తొలగించడం వేరు. ఆపిన సెషన్ నిర్వచనం సర్వర్‌లోనే ఉంటుంది, అవసరమైతే మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. పెట్టినవాళ్లు వచ్చి 'నాకిక అక్కర్లేదు' అని రాతపూర్వకంగా చెప్పాకే తొలగించాలి. ఈ తేడాను అనుమతుల్లోనూ పాటించవచ్చు. పాత వెర్షన్లలో సెషన్లను మార్చే అధికారం ఒకే గంపగుత్తగా ఉండేది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2022 నుంచి దాన్ని ముక్కలు చేశారు. సెషన్ సృష్టించేందుకు, మొదలుపెట్టేందుకు, ఆపేందుకు, తొలగించేందుకు వేర్వేరు అనుమతులు ఇవ్వవచ్చు. రాత్రి డ్యూటీవాళ్లకు ఆపే అనుమతి చాలు, తొలగించేది ఇవ్వకండి. మన సర్వర్లలో 2022కు మారనివి ఇంకా ఉన్నాయి, అక్కడ ఈ సదుపాయం లేదు. అక్కడ రిజిస్టరే దిక్కు.

ఏ రిజిస్టరు అంటారా? మేడం ఆ తర్వాత పెట్టించినది. చిన్న పట్టిక. సెషన్ పేరు, పెట్టినవారు, ఎందుకు, ఎప్పటివరకు, సాక్ష్యంగా కావాలా. మొదట్లో అందరం సణిగాం. ఇప్పుడు రాత్రి ఫోన్ వస్తే ముందు అదే తెరుస్తాం. 'ఎప్పటివరకు' అన్న గడికి యంత్రం సాయం కూడా ఉంది. సెషన్ మొదలుపెట్టే 'స్టార్ట్-డీబీఏఎక్స్‌ఈసెషన్' కమాండ్‌లో 'స్టాప్ఎట్' అని ఒకటుంది. మొదలుపెట్టేటప్పుడే ఆగాల్సిన తేదీ, సమయం ఇస్తే, సర్వర్‌లోని ఏజెంట్‌కు ఆ పని అప్పగిస్తుంది. ఏజెంట్ నడుస్తుండాలి, అంతే షరతు. ఆ ఇంజనీరు ఈ ఒక్క మాట చేర్చి ఉంటే ఆ రాత్రి నాకు ఫోనే వచ్చేది కాదు.

ఇంకో సంగతి, వినియోగదారుల డేటాకు సంబంధించింది. నిఘా ఫైళ్లలో క్వెరీ పాఠం యథాతథంగా పడుతుంది. అప్లికేషన్ సరిగ్గా రాయకపోతే ఆ పాఠంలో ఖాతా నంబరు, మొబైల్ నంబరు, పేరు, అన్నీ ఉంటాయి. డేటాబేస్‌కు ఉన్న తాళాలు ఆ ఫైలుకు ఉండవు. ఎవరో మెయిల్‌లో జతచేసి బయటి ఇంజనీరుకు పంపితే? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సంగతి మీకు వేరే తరగతిలో చెబుతారు. అలాగే 2023 నవంబరు 7న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఐటీ పాలన మాస్టర్ డైరెక్షన్, అది 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నేను చెప్పేది ఒక్కటే: సెషన్ ఆపాక ఆ ఫైలు ఎక్కడుందో, ఎవరు తెరవగలరో కూడా మీ పనిలో భాగమే. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఆడిట్ అనేది కూడా లోపల ఇదే యంత్రాంగం మీద నడుస్తుంది. దాని జోలికి మాత్రం ఈ దారిన అస్సలు వెళ్లకండి, దానికి వేరే అనుమతి, వేరే విధానం ఉన్నాయి.

ఆ కుర్రాడి సంగతి చెప్పలేదు కదూ. మేడం ఊరుకోలేదు. అదే సెషన్ మళ్లీ పెట్టారు, ఈసారి ఫైలులోకి. స్టార్టప్ ఆన్. వివరణలో నా పేరు కూడా రాశారు, "ఆపాలంటే ఈయనకు చెప్పండి" అని. నన్ను ఆటపట్టించడానికో నమ్మకంతోనో ఇప్పటికీ అడగలేదు. మొదటి నెల 5వ తేదీ ఏమీ జరగలేదు. రెండో నెల 5వ తేదీ రాత్రి మళ్లీ రెండుసార్లు నడిచింది. అప్పటికి పోస్టింగుకు ముందు మనిషి చేత సరిచూపించే ఏర్పాటు వచ్చింది కాబట్టి ఖాతాలకు తాకలేదు. ఫైలు తెరిచి చూశాం. రెండు పిలుపులూ షెడ్యూలర్ వాడే సర్వీసు ఐడీతో వచ్చాయి. ఆపరేటరు చేత్తో నడిపితే అతని సొంత ఐడీ పడేది. ఫైలు పెద్దదైన రోజున అప్లికేషన్ జవాబు ఆలస్యం చేస్తే, షెడ్యూలర్ అది విఫలమైందనుకుని మళ్లీ పంపుతోంది. మొదటిది లోపల నడుస్తూనే ఉంది. అంతే కథ.

మేడం ఆ రెండు వరుసలనూ ప్రింటు తీసి నా బల్ల మీద పెట్టి వెళ్లారు. మెమో ఉపసంహరించారు. నేను ఆ కుర్రాడిని క్యాంటీన్‌కు తీసుకెళ్లి, జరిగిందంతా చెప్పి, క్షమించమన్నాను. అతను టీ తాగుతూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "రెండుసార్లు నొక్కలేదని నాకు తెలుసు సార్. కానీ మూడో వారం నుంచి నాకే అనుమానం మొదలైంది, నిద్రమత్తులో నొక్కానేమోనని. ఇంట్లో కూడా అదే చెప్పాను, నొక్కే ఉంటానని."

ఇప్పుడు అతను వేరే ఊళ్లో శాఖలో ఉన్నాడు. దీపావళికి మెసేజ్ పెడతాడు.

పక్క గదిలో మీకోసం పరీక్షా సర్వర్ సిద్ధంగా ఉంది. దాని మీద ఏడు సెషన్లు నడుస్తున్నాయి. మూడు సర్వర్‌తో వచ్చినవి, ఒకటి డిస్కు నింపుతోంది, రెండు ఫైలులోకి రాస్తున్నాయి, ఒకటి రింగ్ బఫర్‌లో ఉంది. పేర్లు చూసి ఏది ఏదో తెలియకుండా కావాలనే పెట్టాను. డిస్కు నింపుతున్నదాన్ని ఆపాలి, మిగతా ఆరింటిలో ఒక్క నమోదు కూడా పోకూడదు. ఇద్దరిద్దరుగా కూర్చోండి, ఒకరు కొట్టాలి, ఒకరు చదవాలి. టీ తర్వాత మొదలుపెడదాం.